సందక్‌ఫూ దారిలో ఎర్రపూలు

మానేభంజాంగ్ ఊరు దాటగానే దారి నిట్టనిలువుగా లేచింది. సూసన్న నాలుగడుగులు వేసి ఆగుతోంది, మళ్ళీ నాలుగడుగులు వేసి ఆగుతోంది. వీపున సంచి వెనక్కి గుంజుతోంది. ఖరగ్‌పూర్‌లో, రైల్వే క్వార్టర్లో, మంచం మీద పెట్టి సర్దినప్పుడు ఇది ఇంత బరువు లేదు. బియ్యం, కందిపప్పు, ఎండు మెత్తళ్ళు, ఊరగాయ సీసా, రెండు దుప్పట్లు. ఏది చూసినా అవసరమే అనిపించింది అప్పుడు. ఇప్పుడు అవసరాలన్నీ కలిసి భుజాలు కోస్తున్నాయి.

ముందు నడుస్తున్న మొగుడి సంగతి ఇంకా ఘోరంగా ఉంది. విల్‌ఫ్రెడ్ తన సంచిలో లైన్ బాక్సు పెట్టుకున్నాడు. ఇంజను డ్రైవర్లు డ్యూటీకి మోసుకెళ్ళే రేకు పెట్టె అది. కొండలకి ఆ డబ్బా ఎందుకని సూసన్న మొత్తుకుంది. డ్రైవరన్నవాడు పెట్టె లేకుండా గడప దాటడని అతను నవ్వాడు. ఆ పెట్టె మూల ఇప్పుడు అడుగడుక్కీ వెన్నులో పొడుస్తోంది. పొడవనట్టే నడుస్తున్నాడు మహానుభావుడు.

"ముందు, ఎడం పక్క, తెల్ల జెండా," అంది సూసన్న ఊపిరికీ ఊపిరికీ మధ్య.

"ఎడం పక్క, తెల్ల జెండా."

"దాని పక్కన ఎర్ర జెండా."

"ఎర్ర జెండా," అన్నాడు విల్‌ఫ్రెడ్ గట్టిగా, కొండ వినేలా.

ఇంజను మీద పద్ధతి అది. ఎదురుగా సిగ్నలు కనబడగానే ఫైర్‌మన్ దాన్ని గట్టిగా పిలవాలి. డ్రైవరు తన కళ్ళతో తను చూసి అదే మాట మారు చెప్పాలి. ఇద్దరూ ఒకటే చూశారని దానికి అర్థం. పెళ్ళైన కొత్తలో సైకిలు వెనక కూర్చుని సూసన్న "ముందు ఆవు" అంటే, అతను తొక్కుతూ "ముందు ఆవు" అనేవాడు. రోడ్డు మీద జనం తిరిగి చూసేవాళ్ళు. ఆ ఆట మళ్ళీ ఇన్నాళ్ళకి దార్జీలింగ్ చిన్న రైల్లో మొదలైంది. "నువ్వు పిలస్తా ఉండు, నేను మారు సెప్తాను, కంటికి సాధన అవుతాది," అన్నాడతను.

సాధన ఎందుకంటే, వచ్చే సోమవారం కంటి పరీక్ష. పోయిన దసరాల ముందు ఆసుపత్రిలో డాక్టరు విల్‌ఫ్రెడ్‌కి రంగులు తెలియడం లేదని రాసి ఇంజను మీంచి దింపేశాడు. పాసింజరు బండి నడిపిన మనిషి ఆరు నెలలుగా వర్క్‌షాపు టైమాఫీసు కిటికీలోంచి పనివాళ్ళకి హాజరు వేసే ఇత్తడి టోకెన్లు అందిస్తున్నాడు. 'డ్రైవర్ సాబ్' అన్న నోళ్ళే కిటికీ అవతల నుంచి 'జల్దీ కరో దాదా' అంటున్నాయి. సోమవారం పాసైతే మళ్ళీ ఇంజను. తప్పితే రిటైరయ్యేదాకా ఆ కిటికీయే.

ఈ నడక సుభాష్‌పల్లి హోమియోపతి డాక్టరు సలహా. బీడీ మానెయ్, పొగలేని గాలి పీల్చు, దూరాన ఉన్నవాటి మీద చూపు నిలుపు, నరాలు తేరుకుంటాయన్నాడాయన. ప్రేమ్ బజార్‌లో కాలేజీ కుర్రాళ్ళకి గదులు అద్దెకిచ్చే ఎలీసమ్మ, వాళ్ళ కొండసంచులు రెండు అడిగి తెచ్చి ఇచ్చింది. బండికి పాసు ఎలాగూ ఉంది. బంధువుల పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ తప్ప పాసు వాడి ఎరగని సూసన్న, నలభై దాటాక కాన్వాసు బూట్లు తొడుక్కుని, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, మొగుడి వెనకాల కొండెక్కుతోంది.

ఒక మలుపులో ఇద్దరూ సంచులతోనే బండకి జారబడ్డారు. కింద లోయంతా మబ్బు కమ్ముకుంది.

"ఆమోసు మాట మీద ఉంటాడంటావా?" అన్నాడు విల్‌ఫ్రెడ్.

"ఉంటాడు. ఒట్టేయించుకున్నాను కదండీ."

ఆమోసు ఆసుపత్రిలో కాంపౌండరు. వాళ్ళ చర్చి సంఘం వాడే. చీకటి గదిలో దీపానికి రంగుల అద్దాలు మార్చేది అతనే, డాక్టరు పక్కన కూర్చుని రాసుకుంటాడు. ఎరుపు పెట్టినప్పుడు ఆమోసు గొంతు సవరించుకుంటాడు, ఆకుపచ్చకి ఊరుకుంటాడు. అదీ ఏర్పాటు. ఏర్పాటు చేసింది సూసన్న. మొదట అతను ససేమిరా అన్నాడు. మోసం అన్నాడు. "మోసం ఆ డాక్టరు సేసినాడు తమ్ముడూ. ఊపిరి తీసుకోనీకుండా దీపాలు మార్సేస్తే ఎవులికి మాత్రం రంగులు తప్పవు? నీ బావ కళ్ళు బంగారం లాటివి," అని అతని గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళకీ అదే చెప్పింది. ఆదివారం స్త్రీల కూడికలో నిలబడి ఆ డాక్టరు మనసు మార్చమని అందరి చేతా ప్రార్థన చేయించింది. ఆమెకి అందులో రవ్వంత అనుమానం లేదు. తన మొగుడికి అన్యాయం జరిగింది, అంతే.

"లే మరి," అన్నాడు విల్‌ఫ్రెడ్. లేవడానికి బండ పట్టుకున్నాడు గాని, పెట్టె బరువుకి మళ్ళీ కూలబడ్డాడు. సూసన్న నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ నడకలో ఇద్దరూ కలిసి నవ్వింది అదే ఆఖరు.

మొదటి రాత్రి టోంగ్లూ బంగళాలో పడుకున్నారు. రెండో రోజు దారి ఎక్కినదంతా దిగింది, దిగినదంతా మళ్ళీ ఎక్కమంది. ఇంత కష్టపడి ఎక్కింది ఇలా దిగిపోవడానికేనా అని సూసన్నకి ఒళ్ళు మండింది. మడమల మీద బొబ్బలు లేచాయి. అన్నానికి ఆగినచోట పుల్లలు తడిసి మండలేదు, పొగకి కళ్ళు కారిపోయాయి. బియ్యం ఎంతకీ ఉడకలేదు. పలుకన్నంలో ఊరగాయ కలుపుకు తిని, గిన్నె చన్నీళ్ళలో కడిగితే వేళ్ళు కొంకర్లు పోయాయి. విల్‌ఫ్రెడ్ మాత్రం, "ఆ కొండ సూడు, అంచు ఎంత తెలుస్తన్నాదో! కళ్ళు తేటపడినాయే," అంటూనే ఉన్నాడు.

మధ్యాన్నం దాటాక పూల అడవిలో పడ్డారు. గురాస్ చెట్లంటారట అక్కడివాళ్ళు. చైత్రం ఎండకి చెట్టు చెట్టూ విరగబూసి ఉంది. ఆకులు నల్లగా కనిపించేంత ముదురు పచ్చ, వాటి మధ్య గుత్తులు గుత్తులుగా నెత్తుటి ఎరుపు. సూసన్నకి ఆ ఎరుపు చూస్తే ప్రాణం లేచొచ్చింది. పిలుద్దామని నోరు తెరిచింది గాని ఊపిరి అందలేదు. అతని వెనకాలే, సంచి పట్టీలకింద బొటనవేళ్ళు దూర్చి, వంగి నడిచింది.

విల్‌ఫ్రెడ్ ఆ పూల మధ్య నుంచి మామూలుగా నడిచి పోయాడు. ఒక్కసారి తల ఎత్తలేదు. అలిసిపోయి ఉంటాడనుకుంది.

కొంత దూరం పోయాక అతను ఒక చెట్టు మొదట్లో సంచి దింపి, పెట్టె మూల నొక్కుకున్నచోట చెయ్యి వెనక్కి పెట్టి రుద్దుకుంటూ కూర్చున్నాడు. అడవిలోకల్లా ఎక్కువగా పూసింది ఆ చెట్టే. కొమ్మలు అతని తలమీదకి వంగి ఉన్నాయి. అతను తల ఎత్తి కొమ్మల్లోకి చూశాడు. చాలాసేపే చూశాడు.

"పూలు పూలని ఊదరగొట్టినాడు టోంగ్లూ చౌకీదారు. ఏవే? ఇటేపు ఇంకా పుయ్యనేదు కాబోలు," అన్నాడు.

సూసన్న అతని మొహంలోకి చూసింది. వేళాకోళం ఆడుతున్నాడేమో అనుకుంది. అతని మొహంలో వేళాకోళం లేదు. గాలికి రాలిన ఎర్ర పూరెక్క ఒకటి అతని భుజం మీద పడి ఉంది.

"అవును, పుయ్యనేదు," అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియలేదు.

ఆ సాయంత్రం రెండో మజిలీ కాలాపోఖ్రీ దాకా ఆమె ఏమీ పిలవలేదు. పిలవకపోతే అతనూ ఏమీ చెప్పలేదు. చిన్న రైలు ఎక్కిన దగ్గర్నుంచి ఇంతవరకూ ఏ ఒక్కటీ అతను ముందు పిలవలేదని ఆమెకి అప్పుడు తట్టింది. జెండాలు, పిట్టలు, రోడ్డు పనివాళ్ళ తలగుడ్డలు, అన్నీ తనే పిలిచింది. అతను మారు చెప్పాడు. అలిసిపోయాడు, అంతే, అని తనకి తనే నచ్చజెప్పుకుంది. నీరసానికి కళ్ళు బైర్లు కమ్ముతాయి, నాకూ కమ్మలేదూ అనుకుంది. తనని తను నమ్మించుకోవడం ఆరు నెలలుగా అలవాటైన పనే. ఆ రోజు మాత్రం కుదరలేదు.

మూడో రోజు సందక్‌ఫూ ఎక్కడం. అదంతా కొండ నెత్తికి కట్టిన నిచ్చెన లాంటి దారి. గాలి పల్చబడి, ఇద్దరికీ గుండెలు గొంతులోకి వచ్చి కొట్టుకుంటున్నాయి. ఒక ఎత్తు మీద ఆగినప్పుడు సూసన్న చెయ్యి ఎత్తి చూపించింది. దూరాన వాలులో మోకాలెత్తు పొద ఒకటి ఉంది. ఆకుపచ్చ పొద. పూవు లేదు, మనిషి లేదు.

"అదిగో, పైన, ఎర్ర సీర కట్టుకున్న మనిషి," అంది.

విల్‌ఫ్రెడ్ కళ్ళు చిట్లించి ఆమె వేలి వంక, వేలి చివర వంక చూశాడు.

"పైన, ఎర్ర సీర," అన్నాడు గట్టిగా. ఇంకా నమ్మకంగా ఉండాలని కాబోలు, "పుల్లలేరుకుంటన్నాది," అని కూడా చేర్చాడు.

సూసన్న చెయ్యి దింపేసింది. ఆ మిగిలిన దారి ఎలా ఎక్కిందో ఆమెకి జ్ఞాపకం లేదు. సంచి బరువు తెలియలేదు, బొబ్బలు తెలియలేదు. ముందు పోతున్న వీపు వంక చూస్తూ నడిచింది. ఇరవై రెండేళ్ళుగా తెలిసిన వీపు అది. ఆ వీపు మీద ఆమెకి కోపం కూడా రాలేదు ఇంకా. భయం వేసింది.

సందక్‌ఫూ బంగళాలో వాళ్ళు తప్ప మనుషులు లేరు. చౌకీదారు వంటింట్లో పొయ్యి రాజేసి, నీళ్ళ డేక్షా పెట్టి, గొడ్డుని కట్టేసి వస్తానని బయటికి పోయాడు. ఇంకా పొద్దు గుంకలేదు. కిటికీ అవతల మాత్రం మంచు తెల్లగా నిలబడి, వాకిట్లో కర్రకంచె కూడా కనబడటం లేదు.

విల్‌ఫ్రెడ్ చొక్కా విప్పి, పొయ్యి వైపు తిరిగి పీట మీద కూర్చున్నాడు. వెన్ను మధ్య పెట్టె మూల ఒరుసుకుని చర్మం లేచిపోయింది. సూసన్న కొబ్బరినూనె అరచేతిలో కాచుకుని, ఆ పుండు చుట్టూ మెల్లగా రాయడం మొదలెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"నిన్న సందేల నుంచి మండతన్నాది."

"పుండు సంగతి కాదు. ఎరుపు సంగతి."

ఆమె చేతికింద వీపు బిగుసుకుంది. పొయ్యిలో తడిపుల్ల చిటపటలాడింది. విల్‌ఫ్రెడ్ తల తిప్పలేదు.

"ఏటి మాటాడతన్నావో..."

"నిన్న నువ్వు కూసున్న సెట్టు నిండా ఎర్రపూలే. నీ భుజం మీద పడినా నీకు తెలీనేదు. ఇయ్యేళ ఉత్త పొదని సూపించి ఎర్ర సీరన్నాను. నువ్వు పుల్లలు కూడా ఏరించీసినావు."

మీరు అనే మనిషి నువ్వు అంటున్నదని ఇద్దరూ గమనించలేదు. అతను వంగి ఒక పుల్ల తీసి పొయ్యిలో పెట్టాడు. పెట్టిన పుల్లనే మళ్ళీ సర్దాడు.

"రెండేళ్ళు దాటినాది," అన్నాడు చివరికి. "మొదట్ల మసకనుకున్నాను. తరవాత ఎరుపుకి రంగు పోయినాది. నల్లగా, బురదలాగ ఉంటాది."

"బండెలా తోలినావు మరి?"

"తీతు పిలిసీవోడు. నేను మారు సెప్పీవోణ్ణి."

తీతు అతని ఫైర్‌మన్. మేనల్లుడి వరస.

"తీతుకి తెలుసా?"

"తెలీదు. నేను గట్టిగా సెప్పీవోణ్ణి కదా." ఆ మాట అని అతనే సిగ్గుపడ్డాడు. "పగలు బెంగనేదే. సిగ్నలు సెయ్యి వాలినాదో నేదో సూసుకుంటే సాలు, రంగుతో పన్నేదు. రాత్రే. రాత్రి దీపం ఒక్కటే కనిపిస్తాది. ఎలాగోలాగ రాత్రి డ్యూటీలు మార్సుకునీవోణ్ణి."

"మార్సుకోడం కుదరని రాత్రి? తీతు సెలవెట్టిన రాత్రి?"

సూసన్న చెయ్యి వీపు మీద ఆగిపోయింది.

"ఒక్కపాలి," అన్నాడు విల్‌ఫ్రెడ్. గొంతు బాగా తగ్గిపోయింది. "కొత్త కుర్రోడు. బొగ్గేస్తా వంగున్నాడు, పిలవనేదు. ఎదర దీపం ఉన్నాది. ఏటి రంగో నాకు తెలీనేదే సూసన్నా. ఆపీసినాను. తీరా అది ఆకుపచ్చ. గార్డు దిగొచ్చి తిట్టినాడు. బ్రేకు వాక్యూం పడిపోయినాదని అబద్ధమాడినాను."

"ఆకుపచ్చ కాబట్టి తిట్టుతో పోయినాది."

"నేనాపినాను కదే! ఆపినాను కదా?"

"ఆ రాత్రి ఆపినావు."

ఆమె లేచి కిటికీ దగ్గరికి పోయింది. నూనె చేతులు పైటకి తుడుచుకుంది. అతన్ని ఇంజను దింపకముందు వచ్చిన క్రిస్మస్‌కి బాలాసోర్ కూటాలకి సంఘమంతా రాత్రి పాసింజర్లో వెళ్ళింది. డ్రైవరు విల్‌ఫ్రెడ్. స్టేషను స్టేషనుకీ సూసన్న కిటికీలోంచి తల బయటపెట్టి ఇంజను వైపు చూసి మురిసిపోయింది. చెల్లెలు దేవమణి ఒళ్ళో నెలల పిల్ల నిద్రపోకుండా ఏడిస్తే, ఎత్తుకుని సముదాయించింది తనే.

"నేనా పిల్లకి ఏటని సెప్పినానో తెలుసా?" అంది కిటికీ వైపే తిరిగి. "మీ పెదనాన్న తోల్తన్నాడే బండి, భయం నేదు, తొంగో అని సెప్పినాను."

అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకి. డాక్టరు గుర్తొచ్చాడు. వీధిలో ఎదురైతే మొహం తిప్పుకుని, పక్కకి ఉమ్మిన మనిషి తను. కూడికలో ఆడవాళ్ళందరూ మోకాళ్ళ మీద ఉండి ఎవరి మనసు మార్చమని అడిగారు? ఆమోసు గుమ్మంలో ఎవరి కళ్ళు బంగారమని ఏడ్చింది? అన్యాయం, అన్యాయం అని ఊరంతా చాటి, అసలైన అన్యాయానికి తన చేతులతో దారి వేసి వచ్చింది. ఇప్పుడు కోపం వచ్చింది, అతని మీద సగం, తన మీద సగం.

"పరీక్ష పాసైతే మళ్ళీ ఎక్కుతావా?" అంది.

విల్‌ఫ్రెడ్ చొక్కా తొడుక్కుంటున్నాడు. గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకున్నాడు.

"ఆ కిటికీల నేను సచ్చిపోతన్నానే," అన్నాడు. "టోకెన్లు ఇచ్చే పని గుడ్డోడైనా సేస్తాడు. ఇంజను మీదైతే నేనూ ఒక మనిషినే. తీతు కళ్ళు మంచివి. ఇంకెన్నేళ్ళు, కొద్దేళ్ళు. తీతుని నాకే ఉంచమని అడుగుతాను."

చౌకీదారు వచ్చి, 'దీదీ, ఆలూ ఉడకెయ్యనా' అని హిందీలో అడిగితే ఆమె తల ఊపింది. ఆ ఉడికిన బంగాళాదుంపలు ఇద్దరూ ఉప్పు అద్దుకుని, ఎదురెదురుగా కూర్చుని తిన్నారు.

తెల్లారి మంచు విడిపోయింది. చౌకీదారు తలుపు కొట్టి మరీ లేపాడు. ఆకాశం సగం మేర కాంచన్‌జంగా నిలబడి ఉంది. మొదట బూడిదరంగులో ఉండి, చూస్తూ చూస్తూ ఉండగానే శిఖరాలకి గులాబీ రంగు తిరిగింది. ఇందుకోసం ఇంతదూరం నడిచారు. సూసన్న దుప్పటి కప్పుకుని చూసింది. ఎంత బాగుందో అంత కష్టంగానూ ఉంది చూడటం.

"ఏ రంగున్నాదే?" అన్నాడు పక్కనుంచి విల్‌ఫ్రెడ్.

ఆమె చెప్పనని తల అడ్డంగా ఆడించి, సంచి సర్దడానికి లోపలికి పోయింది.

ఇంకా ముందున్న ఫాలూట్ దాకా పోవాలనుకున్నది మానేసి వచ్చిన దారినే వెనక్కి మళ్ళారు. దిగడం ఎక్కడంకన్నా కష్టమని అప్పుడు తెలిసింది. మోకాళ్ళు వణికాయి. కాలివేళ్ళు బూటు ముందుకి గుద్దుకుని గోళ్ళు నల్లబడ్డాయి. పూల అడవి మళ్ళీ వచ్చింది, ఎవరూ ఏమీ అనకుండా దాటారు. జారుడు రాళ్ళున్నచోట ఆమె ముందు దిగి, చెయ్యి వెనక్కి చాపేది. అతను పట్టుకునేవాడు. దిగాక వదిలేసేవాడు. గాలికి చెవులు పోట్లు పెడుతున్నాయి. ఇద్దరికీ ఇల్లు చేరాలని ఉంది, ఇద్దరికీ ఇల్లు చేరాలంటే భయంగానూ ఉంది.

గైరీబాస్ దగ్గర టీ కొట్లో కూర్చున్నప్పుడు విల్‌ఫ్రెడ్ గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతూ అడిగాడు.

"ఆమోసుకి వద్దని సెప్పీస్తావా?"

"సెప్పాలి," అంది. "ఏ మొహమెట్టుకుని సెప్పను? ఏడిసి ఒట్టేయించుకున్నది నేను. వద్దంటే ఎందుకంటాడు. నిజం సెప్తే నీ పరువు పోతాది, తెలిసీ దాసినాడని తీతుకి కూడా నోటికాడ కూడు పోతాది."

అతని మొహం కొంచెం తేరుకోవడం ఆమె చూసింది. అది చూడకుండా ఉంటే బాగుండుననుకుంది.

"నేనాపనేను నిన్ను," అంది. "ఒక్క మాట మాత్రం ఇనుకో. నువ్వు బండెక్కిన రోజు నేనూ ఆ బండే ఎక్కుతాను. ఇంజను ఎనకాల మొదటి పెట్టెల కూసుంటాను. ఒక్క రోజు కాదు. నీ రాత్రి డ్యూటీలన్నిటికీ. దేవమణి పిల్లని కూడా తెచ్చుకుంటాను."

విల్‌ఫ్రెడ్ గ్లాసు కింద పెట్టాడు. "అదేటి మాటే!" అన్నాడు.

"మాటే. తీతు కళ్ళు మంచివన్నావు కదా, మరి భయమేటి?"

టీ కొట్టు నేపాలీ ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పోట్లాటని పోల్చుకుని, అడక్కుండానే మళ్ళీ టీ పోసింది.

ఖరగ్‌పూర్ చేరింది ఆదివారం. సూసన్న చర్చికి పోలేదు, నడుం నొప్పి అని కబురు పంపింది. అది అబద్ధమూ కాదు. సాయంత్రం ఆమోసు ఇంటిదాకా రెండుసార్లు పోయింది. మొదటిసారి గుమ్మంలో అతని తల్లి కూర్చుని ఉంది. "కొండలు సూసొచ్చినావటే, బావ కళ్ళెలాగున్నాయి?" అని అడిగింది. సూసన్న బాగున్నాయని చెప్పి వచ్చేసింది. రెండోసారి ఎవరూ లేరు. తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి కూడా, కొట్టలేక వచ్చేసింది. ఇంట్లో విల్‌ఫ్రెడ్ ఎక్కడికి పోయి వచ్చావని అడగలేదు. ఆమె అన్నం వడ్డించింది, అతను తిన్నాడు.

సోమవారం ఇద్దరూ ఆసుపత్రికి నడిచే వెళ్ళారు. విల్‌ఫ్రెడ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకున్నాడు. దారిలో లోకో షెడ్డు వైపు నుంచి ఇంజను కూత వినబడితే ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచాడు. సూసన్న వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఆమోసు తలుపు తీసి, 'లోనికి రా బావా' అని, సూసన్న వైపు చూసి, నేనున్నానులే అన్నట్టు తల ఊపాడు. తలుపు మూసుకుంది.

లేచి వెళ్ళి ఆ తలుపు బాదుదామనిపించింది ఆమెకి. డాక్టరు గారూ నాది తప్పు, నా మొగుడికి కళ్ళు లేవు అని అరుద్దామనిపించింది. కాళ్ళు లేవలేదు. కొండమీద అంత దూరం మోసిన కాళ్ళు, ఈ వరండాలో నాలుగడుగులు వెయ్యనన్నాయి. లోపల్నుంచి ఆమోసు గొంతు సవరింపు వినిపించింది. కాసేపటికి మళ్ళీ వినిపించింది. తర్వాత దగ్గే దగ్గాడు. ప్రతి దగ్గుకీ సూసన్న కళ్ళు మూసుకుంది. అయిపోయింది, పాసైపోయాడు అనుకుంది. ఈ పాపం నాదే అనుకుంది.

తలుపు తెరుచుకుని విల్‌ఫ్రెడ్ బయటికి వచ్చాడు. ఆమె వైపు చూడకుండా వరండా దిగి, ఆవరణలో వేపచెట్టు కింద ఉన్న కుళాయి దగ్గరికి పోయాడు. వెనకాలే ఆమోసు చెమట తుడుచుకుంటూ వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఏటక్కా ఇది! గొంతు పుండయ్యేలాగ దగ్గినాను. డాక్టరు మందేసుకోమన్నాడు కూడా. ఎర్ర దీపానికల్లా బావ ఒకటే మాట, 'తెలీడం నేదు సార్.' దగ్గి సచ్చినా అదే మాట. ఆఖరికి ఆకుపచ్చకి కూడా అదే. ఇంక పరీక్ష అక్కర్నేదు, ఇంజనుకి పనికిరాడని డాక్టరు రాసిచ్చీసినాడు. బావకి సెవుడు కూడా వచ్చినాదేటి?"

సూసన్న అతని భుజం తట్టి, మెట్లు దిగింది.

విల్‌ఫ్రెడ్ కుళాయి కింద దోసిలి పట్టి మొహం కడుక్కుంటున్నాడు. కడిగిందే కడుగుతున్నాడు. ఇస్త్రీ చొక్కా ముందంతా తడిసిపోయింది. ఆమె దగ్గరికి పోయి నిలబడింది.

"ఆమోసు దగ్గు మీకు వినబడనేదా?" అంది.

"వినబడినాది," అన్నాడు నీళ్ళలోంచి. "మొదటి దగ్గుకే నోట్లోకి వచ్చీసినాది ఎరుపని. మింగీసినాను."

మళ్ళీ దోసిలి పట్టాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ఆ కదలిక కడుక్కోవడానిది కాదని ఆమెకి తెలిసింది. వరండాలో జనం ఉన్నారు. వర్క్‌షాపు నుంచి మందులకి వచ్చిన ఇద్దరు, డ్రైవర్ సాబ్‌ని పోల్చి చూస్తున్నారు. సూసన్న వాళ్ళకి అడ్డంగా తిరిగి, పైట విప్పి భుజాల నిండా కప్పుకుని, అతని వెనక నిలబడింది. చేద పట్టుకుని నీళ్ళకి వచ్చిన ఆయాని చేత్తో ఆపింది.

"కాసేపాగమ్మా," అంది. "మావోరు మొహం కడుక్కుంటన్నారు."